విమానం ఎక్కించే ముందు చేతిలో ఒక కాగితం పెట్టండి

సంతాన సాఫల్య కేంద్రాలకు అనుమతులిచ్చి తనిఖీ చేసే అధికారులకు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని ఫెర్టిలిటీ డాక్టర్లకు,

నమస్కారం.

తిరుపతిలో ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచర్ని నేను. మా ఆయన ఆర్టీసీలో మెకానిక్. ఈ లేఖలో మా పేర్లు లేవు, ఆసుపత్రి పేరు లేదు, మమ్మల్ని పంపిన కోఆర్డినేటర్ పేరు లేదు, మేం పోయిన దేశం పేరు కూడా లేదు. పేర్లన్నీ అర్జీల్లో రాసిచ్చాను. 2025 జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి, ఆగస్టులో ఒకటి. మూడింటికీ రసీదు నంబర్లు వచ్చాయి. మూడోదానికి "మీ అర్జీ పరిష్కరించబడినది" అని ఫోన్‌కు మెసేజ్ కూడా వచ్చింది. ఏం పరిష్కరించారో చెప్పిన మనిషి మాత్రం ఇంతవరకు లేడు. అందుకే నలుగురిలో పెట్టి రాస్తున్నాను.

ఈ వైద్యం మీద నాకు కోపం లేదు. మా తోడికోడలి కూతురు ఈ ఊళ్ళోనే ఒక డాక్టరమ్మ హస్తవాసి వల్ల పుట్టింది, ఇప్పుడు యూకేజీ చదువుతోంది. నేనడిగేది ఒక్కటే. మమ్మల్ని దేశం దాటించేటప్పుడు ఇక్కడ ఏం చేశారో, అక్కడ ఏం చేయబోతున్నారో మా చేతిలో కాగితం పెట్టి పంపండి. తిరిగొచ్చాక ఆ కాగితం చూసి వైద్యం చేయండి.

జరిగింది చెప్తాను.

మాకు ఒక్కడే కొడుకు. 2022 నవంబరులో బైకు ప్రమాదంలో పోయాడు. 19 ఏళ్ళు. దీని గురించి ఇంతకంటే రాయలేను.

ఏడాది తిరక్కముందే మా అత్తమ్మ, "ఇంకో బిడ్డను కనండమ్మా, ఇల్లు ఇట్ల ఉండకూడదు" అనింది. ఆకాశగంగకు పోయి రమ్మన్న వాళ్ళున్నారు, అంజనాదేవి అక్కడే తపస్సు చేసి ఆంజనేయుణ్ణి కన్నదని. తాతయ్యగుంట గంగమ్మకు మొక్కుకోమన్న వాళ్ళున్నారు. రెండూ చేశాం. 2023 ఆగస్టులో ఫెర్టిలిటీ కేంద్రానికీ పోయాం.

మొదటి రోజే సంగతి తేలిపోయింది. నాకప్పుడు 45. ఆ వయసులో సొంత అండాలతో కష్టం, డోనర్ అండం తీసుకోవాలి అన్నారు. అది మనసుకు పట్టడానికి కొన్నాళ్ళు పట్టినా ఒప్పుకున్నాను. అసలు అడ్డం మా ఆయన వయసు. 2021లో వచ్చిన సంతాన సాఫల్య వైద్యం చట్టం, అదే ఏఆర్‌టీ చట్టం, 21వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకు 50 లోపు, మగవాళ్ళకు 55 లోపు ఉంటేనే ఈ వైద్యం చేయాలి. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2022 జనవరి 25న. ఆ రోజుకు మా ఆయనకు 54 ఏళ్ళ 4 నెలలు. మా వాడు పోయిన రోజుకు 55 దాటి 2 నెలలు.

డాక్టరు చట్టం చెప్పి అంతటితో ఊరుకున్నా బాగుండేది. రిసెప్షన్ పక్క గదిలో కోఆర్డినేటర్ ఉంటాడు, ఒకసారి మాట్లాడి పొండి అన్నారు. అతను నన్ను మొదటి నిమిషం నుంచే "అక్కా" అన్నాడు. "ఇక్కడ కాకపోతే ఏమక్కా, బయట దేశాల్లో వయసు లెక్క లేదు. మనోళ్ళు ఎంతమంది పోయొస్తా ఉన్నారో" అన్నాడు. వచ్చే ఆదివారం ఒక హోటల్లో ఫ్రీ క్యాంపు ఉంది, సార్‌ని తీసుకుని రమ్మన్నాడు. పోయాం. ముప్పై జంటలదాకా ఉన్నారు. ఎవరి ముఖం వైపు ఎవరూ చూడలేదు. చిత్తూరు నుంచి, పలమనేరు నుంచి, మదనపల్లె నుంచి కూడా వచ్చారని కాఫీల దగ్గర మాటల్లో తెలిసింది. తెర మీద పెద్ద అక్షరాలతో 80 శాతం సక్సెస్ అని వేశారు.

7 లక్షల ప్యాకేజీ. టికెట్లు, హోటలు, డోనర్, ల్యాబు, ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్ (ల్యాబులో తయారైన పిండాన్ని గర్భసంచిలో పెట్టడం), అన్నీ అందులోనే అన్నాడు. రేణిగుంట దగ్గర మా నాన్న నాకిచ్చిన 3 సెంట్ల స్థలం అమ్మి కట్టాం. చివరికి లెక్క చూసుకుంటే 11 లక్షల 40 వేలు. రసీదులు మాత్రం నాలుగున్నర లక్షలకే ఉన్నాయి, వాటి మీద "కన్సల్టెన్సీ చార్జీలు" అని ఉంది.

2024 వేసవి సెలవుల్లో మొదటిసారి పోయాం. చెన్నై దాకా కారు, అక్కడి నుంచి రెండు విమానాలు. మా ఆయన శాంపిల్ ఇచ్చి వచ్చేశాం. జూన్‌లో "కంగ్రాట్స్ అక్కా, 4 ఎంబ్రియోలు" అని వాట్సాప్ మెసేజ్ వచ్చింది. వాటిని ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల్లో దాచిపెడతారు. ఈ ముక్క నేను పిల్లలకు క్లాసులో చెప్పేదాన్ని. ఆ నాలుగూ ఎలా ఉన్నాయి, ఎన్నో రోజున ఫ్రీజ్ చేశారు, ఏ గ్రేడు అని ల్యాబ్ రిపోర్టు అడిగితే "అదంతా డాక్టర్లు చూసుకుంటారు" అన్నాడు.

సెప్టెంబరులో రెండోసారి. దానికి ముందు మూడు వారాలు మందులు, స్కాన్లు అన్నీ తిరుపతిలోని ఆ కేంద్రంలోనే. గర్భసంచి లోపలి పొర ఎంత మందం పెరిగిందో చూసి, చాలినంత వచ్చాకే విమానం ఎక్కించారు. ఆ కొలత నాకు తెలుసు, 8.4 మిల్లీమీటర్లు. ఎందుకు తెలుసంటే ఓపీ చీటీ వెనకాల పెన్నుతో రాసి నా చేతికిచ్చారు. మూడు వారాల వైద్యానికి నా దగ్గరున్న ఆధారం ఆ చీటీ ఒక్కటే. ప్రింటు తీసిన రిపోర్టు అడిగితే, "ప్రొసీజర్ ఇక్కడ చేయడం లేదు కదమ్మా, మేం ఇవ్వకూడదు" అన్నారు.

అక్కడ, సెప్టెంబరు 18న, పొద్దున ఆరున్నరకు 11 పేజీల కాగితాలు నా ముందు పెట్టారు. ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు వాళ్ళ భాష. ఆ అక్షరాలు దూరం నుంచి చూస్తే మన తెలుగులాగే గుండ్రంగా, ముద్దుగా ఉంటాయి. దగ్గరికొస్తే ఒక్కటీ అంతుపట్టదు. గౌను వేసి పడుకోబెట్టాక సంతకాలు పెట్టించారు. ఒక పిండమే పెడతామని తిరుపతిలో చెప్పారు, నేనూ నా వయసుకు ఒకటే చాలని గట్టిగా చెప్పాను. ఆ 11 పేజీల్లో ఏముందో చదివే టైము ఇవ్వలేదు, కాపీ ఇవ్వలేదు. మా ఆయన చివరి పేజీని మాత్రం ఫోన్లో ఫొటో తీసుకున్నారు, అందులో నా సంతకం తప్ప ఏమీ లేదు.

పదో రోజు తిరుపతిలో రక్త పరీక్ష చేయిస్తే పాజిటివ్ వచ్చింది. మా అత్తమ్మ ఆ సాయంత్రం పాయసం చేసింది.

అక్టోబరు 14 రాత్రి. బ్రహ్మోత్సవాలు ముగిసి రెండు రోజులు, ఊరంతా ఆ బడలికలోనే ఉంది. పదకొండున్నరకు బ్లీడింగ్ మొదలైంది. మమ్మల్ని పంపిన కేంద్రానికి ఫోన్ చేస్తే వాచ్‌మన్ ఎత్తి పొద్దున రమ్మన్నాడు. మా ఆయన స్కూటర్ మీద నన్ను కూర్చోబెట్టుకుని దగ్గర్లోని ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు. డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. చాలా ఓపికగా అడిగింది.

"ఏమ్మా, ఎన్ని ఎంబ్రియోలు పెట్టినారు?"

"ఒకటి."

"ఎన్ని రోజులది? మూడో రోజుదా, ఐదో రోజుదా?"

నాకు తెలియదు.

"ఇప్పుడు ఏం మందులు వాడతా ఉండారు?"

మా ఆయన సంచిలోంచి సీసా తీసి ఇచ్చారు. గర్భం నిలవడానికి వేసుకునే, నూనెలా పసుప్పచ్చగా ఉండే ఇంజెక్షన్, అక్కడి నుంచి 20 సీసాలు తెచ్చుకున్నాం. లేబుల్ మీద ఆ గుండ్రటి అక్షరాలే. డాక్టరమ్మ దాన్ని లైటు కింద అటూ ఇటూ తిప్పి చూసి, "ప్రోజెస్టెరాన్ అయుంటుంది, డోసు ఎంతని నేనెట్ల చెప్పేది?" అని బల్ల మీద పెట్టేసింది. మా ఆయన దాన్ని ఫొటో తీసి కోఆర్డినేటర్‌కు వాట్సాప్‌లో పంపారు. ఒకటే టిక్. తెల్లారేదాకా మా ఆయన ఆ ఫోనే చూస్తూ కూర్చున్నారు, రెండో టిక్ పడలేదు.

స్కాన్లో రెండు సంచులు కనిపించాయి. ఒకదాంట్లోనే గుండె కొట్టుకుంటోంది. "ఒకటే పెట్టినారంటివే?" అని ఆమె అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. జవాబు నాలుగు నెలల తర్వాత దొరికింది, అది కూడా బిల్లులో. పిండాలు దాచినందుకు ఏడాదికి 350 యూరోల అద్దె కట్టమని ఆ దేశం నుంచి ఈమెయిల్ వచ్చింది. అందులో "నిల్వ ఉన్నవి 2" అని ఉంది. నాలుగులో రెండు మిగిలాయంటే రెండు పెట్టారు. మొత్తం వ్యవహారంలో నిజం రాసి ఉన్న కాగితం వాళ్ళ అద్దె బిల్లు ఒక్కటే.

దీపావళి అయిన రెండో రోజు, తొమ్మిది వారాల దగ్గర, ఆ ఒక్క గుండె కూడా ఆగిపోయింది.

గర్భం నిలవకపోవడం ఎవరి తప్పూ కాకపోవచ్చు. నా వయసుకు అది జరగొచ్చని నాకు తెలుసు, ఆ డాక్టరమ్మా చెప్పింది. నా ఫిర్యాదు దాని మీద కాదు. ఒక మనిషి ఒంట్లో ఏం పెట్టారో, ఎన్ని పెట్టారో ఆ మనిషికే చెప్పకుండా విమానం ఎక్కించి పంపేశారు, ఫిర్యాదు అదీ. అది ట్యూబులో ఇరుక్కున్న గర్భమై ఉంటే, ఆ రాత్రి ఆ వివరాలు లేక ప్రాణం మీదికి వచ్చేది.

తర్వాత చట్టం తెప్పించుకుని కూర్చుని చదివాను. టీచర్‌ని కాబట్టి అండర్‌లైన్ చేసుకుంటూ చదివాను. చట్టం బాగానే ఉంది. విజయావకాశాలు, ఖర్చు, సైడ్ ఎఫెక్టులు, కవలల ప్రమాదం అన్నీ ముందే విడమరిచి చెప్పాలని ఉంది. రాతపూర్వక అంగీకారం లేకుండా ఏమీ చేయకూడదని ఉంది. ప్రతి క్లినిక్‌లో ఫిర్యాదుల విభాగం ఉండాలని ఉంది. ఏం చేశారో వివరంగా రాసి డిశ్చార్జి సర్టిఫికెట్ ఇవ్వాలని ఉంది. రికార్డులు కనీసం పదేళ్ళు దాచాలని ఉంది. దంపతుల్ని ఏ రకంగా దోపిడీ చేసినా 33వ సెక్షన్ కింద నేరమని ఉంది. ఇంత చట్టం ఉండీ మాకు దక్కింది చీటీ వెనకాల రాసిన ఒక అంకె. సగం వైద్యం ఇక్కడ, సగం అక్కడ చేస్తే ఈ చట్టం రెండింటి సందులోంచి జారిపోతోంది. ఆ సంగతి మాకంటే ముందు కోఆర్డినేటర్లకు తెలిసింది.

ఇక్కడొకటి చెప్పాలనిపిస్తోంది. నేను పుట్టింది 1978లో. ప్రపంచంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ ఆ ఏడాది జూలై 25న ఇంగ్లండులో పుడితే, మూడు నెలలు తిరక్కుండానే అక్టోబరు 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ చేతుల మీదుగా మన దేశంలో రెండో బిడ్డ పుట్టింది. అప్పటి అధికారులు నమ్మలేదు. కమిటీ వేసి అవమానించారు, బదిలీ చేశారు. 1981లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. 1997లో డాక్టర్ టి.సి. ఆనంద్ కుమార్ అనే మరో శాస్త్రవేత్త ఆయన చేత్తో రాసిపెట్టుకున్న నోట్సు చదివి, మన దేశంలో ఈయనే మొదట చేశాడని లోకానికి చెప్పాడు. పదహారేళ్ళ తర్వాత ఆయన మాట నిలబెట్టింది ఆ కాగితాలే. క్లాసులో ఈ కథ చెప్పినప్పుడల్లా పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. నాకు జరిగింది మాత్రం వాళ్ళకు చెప్పలేను.

ఇక మా ఇబ్బందులు, మేం కోరేవి. వరుస సంఖ్యలు వేస్తున్నాను, జవాబిచ్చేటప్పుడు మీకు సులువుగా ఉంటుందని.

1. ఇక్కడ చేసిన వైద్యానికి ఇక్కడే కాగితం. విదేశంలో ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్ కోసం తిరుపతిలోనో చిత్తూరులోనో మందులిచ్చి, స్కాన్లు తీసి సిద్ధం చేస్తే అది కూడా ఈ వైద్యంలో భాగమే. ప్రొసీజర్ మా దగ్గర కాదని తప్పించుకునే వీలు ఉండకూడదు. ఏ తేదీన ఏ మందు ఎంత డోసు, స్కాన్‌లో ఏముంది, ఎన్ని పిండాలు పెట్టాలని దంపతులు ఒప్పుకున్నారు, తిరిగొచ్చాక రాత్రిపూట ఏ డాక్టరుకు ఫోన్ చేయాలి, ఇవన్నీ ఒక పేజీలో తెలుగులో రాసి, సంతకం, ముద్ర వేసి ఇవ్వాలి. అక్కడి నుంచి వచ్చేటప్పుడు ఏ కాగితాలు అడిగి తెచ్చుకోవాలో కూడా అందులోనే ఉండాలి. పిండం ఎన్నో రోజుదో తెలియకపోతే గర్భం ఎన్ని వారాలో లెక్క సరిగా కట్టలేరని నాకు ఆ రాత్రి తెలిసింది. ఆ పేజీ చేతిలో ఉంటే డ్యూటీ డాక్టరమ్మకు పది నిమిషాల పని తగ్గేది, మాకు రాత్రంతా టెన్షన్ తప్పేది. ఇందుకు మీకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

2. పంపేవాడికి పూచీ. మా డబ్బు "కన్సల్టెన్సీ" పేరుతో పోయింది. ఒక ఆఫీసులో అర్జీ ఇస్తే ఇది వైద్యం కాదు, డబ్బు తగాదా, పోలీసు స్టేషన్‌కు పొమ్మన్నారు. అక్కడికి పోతే ఇది వైద్యం, మాకు తెలియదు, హెల్త్ వాళ్ళ దగ్గరికి పొమ్మన్నారు. మా ఆయన సెలవులన్నీ ఈ తిరుగుడుకే అయిపోయాయి. ఫెర్టిలిటీ కేంద్రం గదుల్లో కూర్చుని, ఆ కేంద్రానికి వచ్చిన పేషెంట్లను పట్టుకుని విదేశాలకు పంపేవాడు ఎవడైనా ఆ కేంద్రం మనిషి కిందే లెక్క వేయండి. వాడు తీసుకున్న ప్రతి రూపాయికీ ఏ పని కోసమో రాసిన రసీదు ఉండాలి. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో ఏం బయటపడిందో మీకు తెలుసు. సరోగసీ (అద్దె గర్భం) బిడ్డ అని నమ్మించి, డీఎన్ఏ కలవని వేరెవరి బిడ్డనో చేతిలో పెట్టారని కేసు పెట్టారు. మన కళ్ళ ముందే అంత జరిగితే, భాష తెలియని దేశంలో ఏం జరిగిందో మేం ఎవరిని అడగాలి?

3. క్యాంపుల్లో చెప్పే అంకెలు. 80 శాతం అంటే దేంట్లో 80? రక్త పరీక్ష పాజిటివ్ వచ్చిన వాళ్ళా, బిడ్డను ఎత్తుకుని ఇంటికి పోయిన వాళ్ళా? వాళ్ళ లెక్కలో నేనూ సక్సెస్‌నే, నాకు పదో రోజు పాజిటివ్ వచ్చింది కదా! హాల్‌టికెట్ తీసుకున్న ప్రతివాడూ పాసైనట్టు వేస్తే మా స్కూల్లో నన్ను సస్పెండ్ చేస్తారు. ఇంకొకటి. ఆ క్యాంపులో కాఫీ తాగుతుంటే, "ఆడా మగా కూడా చూసి పెట్టే దేశం ఉందక్కా, రేటు వేరే" అని ఒకడు మెల్లగా అన్నాడు. లింగ ఎంపికను మన చట్టం ఒప్పుకోవడం లేదు. ఏఆర్‌టీ చట్టం 32వ సెక్షన్ ప్రకారం అలాంటి ప్రచారం చేసినా ఐదేళ్ళ నుంచి పదేళ్ళ దాకా జైలు, లేదా 10 లక్షల నుంచి 25 లక్షల జరిమానా, లేదా రెండూ. ఇలాంటి క్యాంపులకు మీ మనిషి ఒకరు మామూలు బట్టల్లో వచ్చి వెనక వరుసలో కూర్చుంటే చాలు.

4. అక్కడ మిగిలిపోయిన పిండాలు. మావి రెండున్నాయి. ఏటా అద్దె కడుతున్నాం. కట్టకపోతే పారేస్తామని రాశారు. ఇక్కడికి తెచ్చుకుందామంటే, మానవ పిండాల దిగుమతిని పరిశోధనకు తప్ప మరి దేనికీ కుదరదని 2015 అక్టోబరులో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నిషేధించింది. ఏఆర్‌టీ చట్టం 29వ సెక్షన్ మాత్రం సొంత పిండాలను సొంత అవసరానికి జాతీయ బోర్డు అనుమతితో తరలించుకోవచ్చంటోంది. మళ్ళీ 33వ సెక్షన్ దిగుమతిని నేరాల జాబితాలో పెట్టింది. ఈ మూడూ కలిపి చదివి మాలాంటి వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పేవాళ్ళెవరు? డోనర్ అండంతో తయారైన పిండం "సొంతం" కిందికి వస్తుందా? అర్జీ ఏ ఫారంలో పెట్టాలి, ఎన్ని రోజుల్లో జవాబు వస్తుంది? ఈ ప్రశ్నలకు జవాబులతో తెలుగులో ఒక కరపత్రం వేసి ప్రతి ఫెర్టిలిటీ కేంద్రంలో గోడకు అంటించండి. గల్ఫ్‌లో పనిచేసి తిరిగొచ్చిన మన రాయలసీమ కుటుంబాలకూ ఇది పనికొస్తుంది. ఉద్యోగం పోయి ఇంటికొచ్చే మనిషి సామాన్లు కంటైనర్లో వేసుకుని రాగలడు, పిండాలను అలా తెచ్చుకోలేడు కదా.

విమానం ఎక్కే జంటలకు కోఆర్డినేటర్లు చెప్పని సంగతి ఇంకొకటుంది. ఈ రోజు తలుపు తీసిన దేశం రేపు మూసేస్తుంది. సరోగసీలో థాయిలాండ్, నేపాల్ 2015లో, రష్యా 2022 డిసెంబరులో విదేశీయులను వద్దన్నాయి. మన దేశమూ 2015లో అదే చేసింది. ఒకప్పుడు బిడ్డల కోసం వాళ్ళు ఇక్కడికి వచ్చేవాళ్ళు, ఇప్పుడు మనం పోతున్నాం.

5. వయసు. మన రాష్ట్రంలోనే 2019 సెప్టెంబరులో డెబ్బై దాటిన ఒకావిడ గుంటూరులో ఐవీఎఫ్‌తో కవల ఆడపిల్లల్ని కన్నారు. అలాంటివి చూశాక హద్దు పెట్టడం సబబే. హద్దు ఎత్తేయమని నేను అడగడం లేదు. దంపతుల్లో ఒకరు హద్దు లోపల ఉండి, ఇంకొకరు కొన్ని నెలలు దాటితే, ఉన్న ఒక్క బిడ్డా పోయిన ఇల్లైతే, డాక్టర్లతో ఒక బోర్డు పెట్టి ఒంటి స్థితి చూసి తేల్చండి. చట్టం రాకముందే పిండాలు ఫ్రీజ్ చేసుకుని సరోగసీ మొదలుపెట్టిన దంపతులకు వయసు పరిమితి వర్తించదని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మా కేసు వేరు, నాకు తెలుసు. కానీ మనుషుల పరిస్థితి చూసి తేల్చే దారి ఒకటి ఉండొచ్చని ఆ తీర్పు చదివాక నాకు అనిపించింది. ఇది ఢిల్లీలో తేలే విషయం. జిల్లా నుంచి ఒక నివేదిక పంపండి, అంతే అడుగుతున్నాను. ఇక్కడ తలుపు మూస్తే మనుషులు ఆశ వదులుకోరు, స్థలం అమ్మి విమానం ఎక్కుతారు.

6. తిరిగొచ్చిన వాళ్ళకు ఒక ఓపీ. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పోతాం, గుండెకైతే స్విమ్స్‌కు పోతాం, పెద్ద జబ్బైతే వేలూరు. విదేశాల్లో పిండం పెట్టించుకుని కడుపుతో తిరిగొచ్చిన ఆడమనిషి ఎక్కడికి పోవాలి? నేను పోయిన రెండు ప్రైవేటు ఆసుపత్రుల్లో "బయట చేయించుకున్న కేసు మేం ముట్టుకోం" అన్నారు. ఒక నర్సమ్మ, "ఈ వయసులో ఎందుకమ్మా నీకు?" అని అందరి ముందూ అనేసింది. ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో వారానికి ఒక పూట, ఈ కేసులు తెలిసిన ఒక డాక్టరు. ప్రశ్నలు అడగొచ్చు, నిష్టూరాలు వద్దు.

7. నా మూడు అర్జీలకు రాతపూర్వక జవాబు, తేదీతో.

డాక్టర్లకు విడిగా నాలుగు మాటలు. మీలో చాలామంది ఈ కోఆర్డినేటర్ల దందా మీకు సంబంధం లేదంటారు. గది మీదే, అద్దె మీదే, పేషెంటు మీదే. కాస్త ఆలోచించండి. ఆ రాత్రి నా సీసాను లైటు కింద తిప్పి చూసిన డాక్టరమ్మ మీ సహోద్యోగే, మీరు రాయని కాగితం కోసం వెతికింది ఆమే. మీ సంఘాల మీటింగుల్లో ఈ ఒక్క పేజీ నమూనా మీరే తయారుచేసుకుంటే అధికారులకంటే ముందే పని అయిపోతుంది. కావాలంటే ముసాయిదా నేను రాసిస్తాను, పరీక్ష పేపర్లు సెట్ చేసిన అలవాటు ఉంది.

ఈ లేఖ చదివి నాకు కబురు పంపాలనుకునే దంపతులకు: సలహాలు చెప్పే మనిషిని కాదు నేను, పోవద్దనీ అనను. పోయేవాళ్ళు సంతకం పెట్టే ముందు ప్రతి పేజీనీ ఫోన్లో ఫొటో తీసుకోండి, చివరి పేజీ ఒక్కటే కాదు. మందు సీసా తెచ్చుకుంటే దాని అట్టపెట్టె కూడా తెచ్చుకోండి, పేరు, డోసు ఇంగ్లీషులో రాయించుకోండి. ఎన్ని పెట్టారో అక్కడి డాక్టరు చేత కాగితం మీద రాయించుకుని గాని మంచం దిగకండి.

అధికారులకు చివరి మాట. నాకు 47 నిండాయి. మా ఆయన మళ్ళీ ప్రయత్నం వద్దంటున్నారు, నేను ఇంకా ఏమీ తేల్చుకోలేదు. రెండో ఏడాది అద్దె బిల్లు వచ్చి టేబుల్ మీద ఉంది. ఆ బిల్లు, లేబుల్ చదవరాని ఖాళీ సీసా, 8.4 అని రాసిన చీటీ, నాలుగున్నర లక్షల రసీదులు, మూడు అర్జీల నంబర్లు ఒక ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టి ఉంచాను. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ గదికి తీసుకుని రావాలో చెప్పండి. మధ్యాహ్నం మూడు తర్వాతైతే స్కూలుకు సెలవు పెట్టే పని ఉండదు.

ఇట్లు,
ఒక టీచరు,
తిరుపతి